ఊడదీసిన కుళాయి

ఆ మూడంతస్తుల భవనంలో కుళాయి మేస్త్రి చేయి పడని ఇల్లు లేదు. ఇరుగుపొరుగుల వద్ద ఆయన కూలి తీసుకోకపోవడమే గాక, ఇరవై సంవత్సరాలలో గ్లాసుడు మంచినీళ్ళు సైతం పుచ్చుకొని ఎరుగరు. మెట్లపై జారి కుడి మణికట్టు విరిగిన పిమ్మట, వంట చేసుకోలేక బిస్కెట్లతో కాలం గడుపుతూ కూడా, అన్నం తెచ్చినవారిని మూసిన తలుపు వెనుకనుండే పంపివేశారు.

మూడవనాడు, ఆయన అక్కా అని పిలిచే కింది అంతస్తు దర్జీ, అన్నం గిన్నెతోపాటు తన వంటింటి కుళాయిని ఊడదీసి తెచ్చి, మూసిన తలుపు ముందు నిలిచారు.

"ఇదిగో తమ్ముడూ, నువ్వు ఊరికే పెట్టిన కుళాయి, ఊడదీసి తెచ్చా. నీది నువ్వే ఉంచుకో."

"అదేంటక్కా, నీళ్ళు పోవూ?"

"పైపులో గుడ్డ కుక్కొచ్చాలే."

"గుడ్డ ఎంతసేపు ఆగుతుంది?"

"నువ్వు తినేంతసేపు. ఇచ్చే సంతోషమంతా నువ్వొక్కడివే మూటగట్టుకుంటే మాకేం మిగిలింది? తింటే బిగించుకుంటా. లేదంటే ఇల్లు మునగనీ."

గడియ తీసిన చప్పుడైంది. మేస్త్రి ఎడమచేత చెంచా పట్టుకొని, తడబడుతూ, గిన్నె ఖాళీ అయ్యేవరకు తిన్నారు. అంతవరకు ఆమె గడప వద్దనుండి కదలలేదు. అనంతరం ఆమె వంటింట్లో, ఆయన పక్కన నిలబడి ఎలాగో చెప్పగా, ఆమే కుళాయి బిగించారు.

సాయంత్రం ఆమె మరల గిన్నెతో వచ్చేసరికి, తలుపు తెరిచే ఉంది.