సూరయ్యగారి పెద్దల్లుడి పేరు

కోనసీమలో మనిషిని పేరడగడం మర్యాద కాదు. అడక్కుండా తెలుసుకోవడం మర్యాద. ముందు ఊరడగాలి. తరవాత ఆ ఊళ్ళో ఎవరి తాలూకో అడగాలి. అక్కణ్ణుంచి మేనమామలూ తోడల్లుళ్ళూ మీదుగా ప్రయాణించి, కాఫీ చల్లారేలోగా ఇద్దరికీ కావలసినవాడొకడు దొరికాక, ఇక పేరుతో పనేముంది? ఈ పద్ధతి పెళ్ళిళ్ళలోనూ బస్సుల్లోనూ ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తూనే ఉంది. దీనివల్ల నష్టపోయినట్టు తెలిసిన వ్యక్తి ఎస్తేరురాణి ఒక్కతే.

ఎస్తేరురాణి రాజోలు అవతల ఒక ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు సాలమోనుగారి ఏకైక కుమార్తె. రెండువేల మూడులో నర్సింగు పూర్తి చేసి, కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుని, ఉద్యోగం వేటకి బయల్దేరింది. అమలాపురంలో మొదటి నర్సింగ్‌హోము డాక్టరుగారు అనుభవం ఉందా అని అడిగారు. రెండో డాక్టరుగారూ అదే అడిగారు. ఎవరూ ఉద్యోగం ఇవ్వనిదే అనుభవం ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఇద్దరూ చెప్పలేదు. మూడోచోట ఉద్యోగం ఇచ్చారు గానీ, అక్కడ ఆమె చేసిన వైద్యమల్లా గుమ్మంలో నిలబడి టోకెన్ నంబర్లు పిలవడం.

అంతలో గల్ఫులో ఒక దేశపు ఆరోగ్యశాఖవారు నర్సుల్ని తీసుకుంటున్నారని కబురొచ్చింది. వారి లైసెన్సు పరీక్ష నెగ్గితే ఉద్యోగం చేతికొచ్చినట్టే. ముందు రాతపరీక్ష. ఆపైన రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో, నిజమైన రోగి మంచం దగ్గర, చేసి చూపించే పరీక్ష. ఈ రెండోదానికి రెండే అవకాశాలు. రెండూ పోగొట్టుకున్నవాళ్ళు ఆ దేశాన్ని ఇక మ్యాపులో చూసుకోవలసిందే.

రాతపరీక్ష ఎస్తేరురాణి నల్లేరు మీద బండిలా దాటేసింది. మంచం పరీక్షనాడు, కేరళ నుంచి వచ్చిన మేట్రన్‌గారు మూల కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. మంచం మీద ఒక పెద్దాయన. ఆయనకి ఇంజెక్షన్ ఇవ్వాలి. ఎస్తేరురాణి చేతులు కడుక్కుని, మందు సరిచూసుకుని, రోగి భయం పోగొట్టడానికి చిరునవ్వు నవ్వింది.

"ఏ ఊరండి మీది?"

"కొత్తపేట పక్కనేనమ్మా."

"అలాగాండి! కొత్తపేటలో ఎవరి తాలూకండి?"

"సూరయ్యగారని, రావులపాలెం మార్కెట్లో అరటి గెలల వ్యాపారం..."

"ఆయ్, తెలుసండి! వారి రెండో అమ్మాయిగారూ మా నాన్నగారూ ఒకే స్కూల్లో చేసేరండి. సూరయ్యగారు మీకేమవుతారండి?"

"మావగారు. నేను పెద్దల్లుణ్ణి. ఇంతకీ ఇంకా పొడవలేదేంటమ్మా?"

"అయిపోయిందండి."

పెద్దాయన జబ్బ తడుముకుని ఆశ్చర్యపోయారు. మేట్రన్‌గారు లేచి వచ్చి, ఆయన మణికట్టుకున్న పేరు పట్టీని తన అరచేత్తో కప్పారు.

"పేషెంటు పేరేమిటి?"

ఎస్తేరురాణి దగ్గర ఆ మనిషి గురించి లేని సమాచారం లేదు. ఊరు తెలుసు. మామగారి వ్యాపారం తెలుసు. మరదలు ఏ తరగతికి ఏ పాఠం చెప్పేవారో కూడా తెలుసు.

"సూరయ్యగారి పెద్దల్లుడుగారండి," అంది.

మేట్రన్‌గారు కాగితం మీద అడ్డంగా ఒక గీత గీశారు. పేరూ పుట్టినతేదీ రోగి నోటితోనే చెప్పించి, పట్టీతో సరిచూడకుండా మందు ఇస్తే, మిగతా పనంతా బంగారంలా చేసినా ఫెయిలే. అది ఆ దేశపు చట్టం. ఒక అవకాశం అలా గోదాట్లో కలిసింది.

ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పిన సాలమోనుగారు, వల్లె వేయిస్తే కుదరని పని లేదని నమ్మిన మనిషి. ఇంటి అరుగు మీద మడతమంచం వేయించారు. వీధిలోవాళ్ళని ఒక్కొక్కరినే పిలిచి పడుకోబెట్టారు. కూతురు వాళ్ళని పేరూ పుట్టినతేదీ అడగాలి. ఊరి మాట ఎత్తకూడదు.

మొదటి రోగి, పక్క కొబ్బరితోట ఆసామి అమ్మిరాజుగారు.

"మీ పూర్తి పేరు చెప్పండి," అంది ఎస్తేరురాణి.

అమ్మిరాజుగారు లేచి కూర్చున్నారు. "నా పేరు నీకు తెలీదా? నువ్వు కామెర్లొచ్చి పడుకుంటే రోజూ బొండాలు దింపించి పంపిందెవరు?"

"తెలుసండి బాబయ్యగారూ. మీరే చెప్పాలండి."

"తెలిసుండీ అడగడవంటే వేళాకోళం కదమ్మా! మాస్టారూ, పిల్లకి చదువెక్కువైందండి."

"పరీక్ష కోసవండి," అన్నారు సాలమోనుగారు. "మీరు పేషెంటండి."

"పేషెంటునైతే మాత్రం పరాయివాణ్ణయిపోతానేంటండీ?" అని తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, అమ్మిరాజుగారు ఆరోగ్యంగా వెళ్ళిపోయారు.

తరవాత వచ్చినవాళ్ళు పేరు చెప్పారు గానీ, చిక్కు పుట్టినతేదీ దగ్గర వచ్చింది. మొదటావిడ జులై ఒకటి అంది. ఆవిడ మరిదీ జులై ఒకటే అన్నాడు. ఎదురింటి భవానీదేవీ, ఆమెతో తగువులాడి మాటల్లేని తోడికోడలూ కూడా జులై ఒకటినే భూమ్మీద పడ్డారు. పిల్లల్ని బళ్ళో వేసేటప్పుడు తల్లిదండ్రులు తేదీ చెప్పలేకపోతే జులై ఒకటని రాసుకోవడం హెడ్మాస్టర్ల ఆనవాయితీ. ఊరిలో సగంమందికి జన్మదినం ప్రసాదించిన మహానుభావుడు తన తండ్రేనని ఎస్తేరురాణికి ఆ సాయంత్రం అర్థమైంది. సాలమోనుగారు పేపరు చదువుకుంటూ తల ఎత్తలేదు.

తల్లి సుందరమ్మగారు దారి మార్చి, చర్చిలో స్త్రీల కూడికలో విన్నపం పెట్టారు: "మా అమ్మాయికి పెద్దవాళ్ళని పేరడిగే ధైర్యం దయచెయ్యమని ప్రార్థించండమ్మా." జబ్బుల గురించీ ఉద్యోగాల గురించీ ఎన్నో విన్నపాలు విన్న పాస్టరుగారికి, అమర్యాద కోసం ప్రార్థన చేయడం అదే మొదటిసారి. అయినా చేశారు.

రెండో పరీక్షకి సాలమోనుగారు స్వయంగా రాజమండ్రి వెంటవెళ్ళి, ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డారు. లోపల అదే మేట్రన్‌గారు, అదే మూల కుర్చీ. మంచం మీద ఈసారి ఒక ముసలావిడ. ఎస్తేరురాణి నోరు తెరిచే లోపలే ఆవిడ అందుకున్నారు.

"ఏ ఊరమ్మాయ్ నీది?"

ఎస్తేరురాణి మంచం కమ్మీ గట్టిగా పట్టుకుంది. "మీ పూర్తి పేరు చెప్పండి."

"చెప్తాలే. నీ మాట తీరు చూస్తే రాజోలు వైపుదానిలా ఉన్నావు. మా చిన్నాడబడుచుని అటే ఇచ్చేం, మలికిపురం."

మలికిపురంలో ఎవరింటికండీ అన్న ప్రశ్న ఎస్తేరురాణి గొంతులోంచి బయల్దేరి పళ్ళదాకా వచ్చింది. గల్ఫు దేశమంతా ఆ పళ్ళ మీద ఆధారపడి ఉంది. ఆమె మింగేసింది.

"మీ పూర్తి పేరూ, పుట్టినతేదీ చెప్పండి."

ముసలావిడ మొహం చిన్నబోయింది. "సూర్యకాంతం," అన్నారు. "తేదీ ఆ కాగితంలో ఉంటుంది, చూసుకో."

"మీరే చెప్పాలండి."

ఆవిడ తేదీ చెప్పి గోడవైపు తిరిగిపోయారు. "ఊరడిగితే చెప్పని పిల్లని ఇప్పుడే చూస్తున్నాను," అని గోడకి ఫిర్యాదు చేశారు. ఎస్తేరురాణి పట్టీ సరిచూసింది. ఇంజెక్షన్ ఇచ్చింది. కళ్ళు మాత్రం నిండాయి.

మేట్రన్‌గారు కాగితం మీద సంతకం పెట్టి, "పాస్," అన్నారు.

"ఇంక మాట్లాడొచ్చాండి?" అంది ఎస్తేరురాణి.

"లైసెన్సు వచ్చేసింది. ఇంక నీ ఇష్టం."

ఎస్తేరురాణి మంచం పక్కకి స్టూలు లాక్కుంది. "పెద్దమ్మగారూ, మాది రాజోలు అవతలేనండి. మీ ఆడబడుచుగారిని మలికిపురంలో ఎవరికిచ్చేరండి?"

సూర్యకాంతంగారు దుప్పటి భుజం మీదికి లాక్కున్నారు.

"కోపం వచ్చిందాండి?"

"రాదేంటి మరి? ఆ ముక్క ఇందాకే అడుగుంటే ఏం పోయింది?" అంటూ సూర్యకాంతంగారు ఇటు తిరిగారు. తిరిగినావిడ ఆడబడుచు కాపురం దగ్గర మొదలెట్టి, మధ్యలో ఒకసారి ఏడ్చి, ఎస్తేరురాణిని ఏడిపించి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ అందుకున్నారు.

గేటు దగ్గర సాలమోనుగారు లెక్కలు వేస్తున్నారు. తక్కిన అమ్మాయిలందరూ వచ్చేశారు. తన కూతురు రాలేదంటే అర్థం ఒకటే. ఆయన వేపచెట్టు నీడలో అటూ ఇటూ పచార్లు చేస్తూ, యుద్ధాల్లో ఓడి మళ్ళీ నిలబడ్డ బైబిలు రాజులందరినీ వరసగా పిలిచి, ఒక ఓదార్పు ప్రసంగం సిద్ధం చేసుకున్నారు. ఎర్రబడ్డ కళ్ళతో కూతురు బయటికి రాగానే ప్రారంభించారు.

"నాన్నగారూ..."

"పాఠం మధ్యలో మాట్లాడకూడదమ్మా," అని ఆయన రాజుల్ని ఒక్కొక్కరినే లేవనెత్తారు. సోడా బండివాడు గోళీ నొక్కడం ఆపి విన్నాడు. ఆఖరి రాజు సింహాసనం ఎక్కేదాకా ఎస్తేరురాణి చేతులు కట్టుకుని నిలబడింది.

"పాసయ్యేనండి నాన్నగారూ."

సాలమోనుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశారు. గొంతు సవరించుకున్నారు గానీ, గెలుపు మీద ఆయన ఏమీ తయారుచేసుకోలేదు.

"సరే," అన్నారు చివరికి. "ఈ రాజుల పాఠమంతా గుర్తుపెట్టుకో. వీసా ఆలస్యమైతే పనికొస్తుంది." అని సోడాలు రెండు చెప్పారు.