గుండిగలో దిగిన కాళ్లు

ఇస్తాంబుల్‌లో కళాయి వేసేవాళ్లు వందమంది ఉండవచ్చు, సెరోప్ ఉస్తా మాత్రం ఒక్కడే. ఈ మాట నాది కాదు, ఆయనదే. రోజుకు రెండుసార్లయినా అనేవాడు, అదీ ఎవరూ అడక్కుండానే. నేను ముప్ఫై ఏళ్లు పాదుషా సొంత సైన్యమైన జానిసరీల పటాలంలో వంటింటి సిపాయిగా పనిచేశాను. గొప్పలు చెప్పుకునేవాళ్లను కోకొల్లలుగా చూశాను. చెప్పుకున్న గొప్పంతా నిజమే అయిన మనిషిని ఈయన్నొక్కడినే చూశాను.

మనిషి పొట్టి. నడుం పైభాగంలో గుర్తుపెట్టుకోదగ్గది ఏమీ లేదు, ఉన్నదంతా కాళ్లలోనే. పాదాలు వెడల్పుగా, అరికాళ్లు చెప్పుల తోలంత మొద్దుగా ఉండేవి. "నా కాళ్లు రెండూ పాదుషా కొలువులో ఉన్నాయిరా సెఫెరూ. నేను ఊరికే వాటి వెంట వస్తుంటానంతే" అనేవాడు నాతో. అర్మేనియన్. రాగి బజారులో చిన్న కొట్టు. పనితనం చూసి అందరూ ఉస్తా అనేవారు, అంటే గురువని. భార్య వార్తుహమ్మ నోరు ఆయన నోటికి ఏమాత్రం తీసిపోదు. "ఊరందరి గిన్నెలూ మెరుస్తాయి, మా ఇంట్లో గిన్నెలు మాత్రం చూడు, మసిబొగ్గులు" అని వచ్చినవాళ్లందరికీ చూపించేది.

మా సైన్యం సంగతి తెలియనివాళ్లకు ఒక్క ముక్క చెప్పాలి. మా పటాలం పెద్దను చోర్బాజీ అంటాం, అంటే జావ కాచేవాడని. మా శిక్షలన్నీ వంటపెద్ద చేతుల మీదుగా జరుగుతాయి. టోపీ ముందు భాగాన ఈకకు బదులు చెంచా పెట్టుకుంటాం. నవ్వేవాళ్లను నవ్వుకోమనండి. ఆ చెంచాలు గుట్ట దిగి వస్తుంటే తలుపులు తీసి తాళాలు అప్పగించిన కోటలు నాకు తెలుసు.

ఇక గుండిగ. మా పటాలానికి జెండా ఉంది కానీ, ప్రాణం గుండిగలో ఉంది. రాగిది. లోపల నిలబడితే నాకు ఛాతీ దాకా వస్తుంది. యుద్ధానికి వెళ్లేటప్పుడు అది ముందు నడుస్తుంది, మేం వెనక నడుస్తాం. తప్పు చేసినవాడు పరిగెత్తుకొచ్చి దాని అంచు పట్టుకుంటే వాణ్ని ముట్టుకునే మగాడు లేడు. దాన్ని శత్రువుకు వదిలేసి వచ్చిన పటాలం మళ్లీ ఊరేగింపులో తలెత్తి నడవదు.

ఆ గుండిగను బోర్లించకూడదు. పొరపాటున కూడా పక్కకు ఒరగనివ్వకూడదు. బోర్లించామంటే పాదుషా పెట్టే తిండి మాకొద్దని చెప్పినట్టు, తిరగబడ్డట్టు. ఆ మోత బయటికి వినిపించిందా, గడియలో బజారంతా కొట్లు మూసేస్తుంది. వండిన జావ తినకుండా గిన్నెలు వదిలేసినా దాదాపు అదే అర్థం.

మరి బోర్లించకుండా అంత గుండిగకు కళాయి ఎలా వేస్తారు? సెరోప్ ఉస్తా గొప్పతనమంతా ఇక్కడే ఉంది. దూలానికి తాడు వేలాడదీసేవాడు. కాళ్లు కడుక్కుని, గుండిగలోకి దిగి, తాడు పట్టుకుని, ఇసుకా పెంకుల పొడీ వేసి కాళ్లతో తిరుగుతూ తోమేవాడు. ఒక పూటంతా అలా తిరిగితే పాత మురికి పోయి రాగి ఎర్రగా బయటపడేది. నీళ్లు కూడా వంచకుండా గరిటెతో తోడి, గుడ్డతో ఒత్తి తీసేవాడు. ఆ తరవాత కింద మంటపెట్టి, నవాసారం చల్లి, తగరం కరిగించి, పొడుగు కర్రకు దూది చుట్టి లోపలంతా రుద్దేవాడు. ఇరవయ్యారేళ్లు ఏటా మూడుసార్లు ఇదే పని. మా పటాలంలో ఒక్కడికి కూడా కడుపునొప్పి రాలేదు.

దిలావేర్ ఆగా మాకు చోర్బాజీగా వచ్చిన పదో రోజున ఉస్తా గుండిగలో తిరుగుతున్నాడు, పైగా ఏదో పాట కూడా లంకించుకున్నాడు. కొత్త ఆగా వంటింట్లోకి వచ్చి చూశాడు. చెడ్డవాడు కాదు. కానీ ఇంకో పటాలం నుంచి వచ్చినవాడు. వాళ్ల గుండిగ చిన్నది, చేత్తో తోముకుంటారు. ఆయనకు కనిపించిందల్లా మా ప్రాణప్రదమైన గుండిగలో పాడుకుంటూ తొక్కుతున్న ఒక బజారు మనిషి.

"ఎవడ్రా వీడు? పటాలం గుండిగలో కాళ్లు పెడతాడా?"

"కాళ్లు కాకపోతే ఏం పెట్టమంటారు ఆగా, గడ్డమా?" అన్నాడు ఉస్తా.

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే బాగుండేది. కానీ అనకుండా ఉండడం ఆయన వల్ల అయ్యే పని కాదు. దిలావేర్ ఆగా ముఖం కందగడ్డ అయింది. గుండిగ అంచు మీద చెయ్యి వేసి, అందరి ముందూ ఒట్టు పెట్టాడు. ఇకమీదట ఈ గుండిగలో ఎవడి వట్టి కాలూ పడకూడదు, పడితే ఆ అరికాలికి ముప్ఫై దెబ్బలు. మొదటి ముప్ఫై అప్పుడే, అక్కడే.

కాళ్లు రెండూ కర్రకు బిగించి కట్టారు. వంటపెద్ద కొట్టాడు. కర్ర ఒక చివర పట్టుకుని ఎత్తినవాణ్ని నేనే. ఆజ్ఞ, ఏం చేస్తాను అని ఎన్నిసార్లు చెప్పుకున్నా అది సమాధానం కాదు. ఇరవై రెండో దెబ్బ దాకా ఉస్తా నోరు విప్పలేదు. తరవాత అరిచాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు ఇంకో కళాయివాణ్ని తెచ్చారు. పొడుగు కర్రకు కుచ్చు కట్టి బయటినుంచి తోమాడు, తోమానన్నాడు. పైకి అద్దంలా మెరిసింది. అడుగున మురికి అలాగే ఉంది, దాని మీద తగరం ఎక్కడ పట్టుకుంటుంది? వారం తిరగకుండా పెచ్చులు లేచిపోయింది. కింద రాగి, రాగి మీద పచ్చగా చిలుము. జావ నోట్లో పెడితే నాలుక జివ్వుమనేది. ముందు ఇద్దరు వాంతి చేసుకున్నారు, తరవాత పదకొండుమంది. సోమవారం సగం గిన్నెలు నిండుగానే తిరిగి వచ్చాయి. బుధవారం ఒక్కడూ చెంచా తీయలేదు.

మాకు కడుపునొప్పి. ఊరికి మాత్రం అది తిరుగుబాటు. బజారులో అప్పుడే సగం కొట్లు తలుపులు దించేశాయి. సాయంత్రానికి మొత్తం సైన్యానికి అధిపతి అయిన పెద్ద ఆగా దగ్గర్నుంచి కబురు వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం తన మనిషి వచ్చి చూస్తాడు, ఆ పటాలం జావ తింటుందో లేదో తేల్చుకుంటాడు. తినకపోతే దిలావేర్ ఆగా తల పోతుంది, మేమంతా ఎప్పుడూ పేరు వినని సరిహద్దు కోటలకు చెల్లాచెదురవుతాం. వేరే పాత్రలో వండుదామంటే వీల్లేదు. వేరే పాత్రలో వండింది జావే కావచ్చు, పటాలం జావ కాదు.

గురువారం తెల్లవారుతూనే దిలావేర్ ఆగా నన్ను పిలిచాడు. రాత్రంతా నిద్రలేదని కళ్లు చెబుతున్నాయి.

"ఆ ముసలాయన వస్తాడంటావా?"

"నడవలేడండీ."

"వస్తాడా అని అడిగాను."

ఉస్తా ఇంటికి వెళ్లాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు, పాదాలు గుమ్మడికాయల్లా వాచి ఉన్నాయి. వార్తుహమ్మ నన్ను చూసి చీపురు అందుకుంది. "కర్ర పట్టుకున్న చేతులు కదూ ఇవి? ఏ మొహం పెట్టుకుని వచ్చావు?" అంది. చిలుము సంగతి చెప్పాను. ఉస్తా మధ్యలోనే ఆపాడు.

"కుచ్చుతో తోమారా?"

"కుచ్చుతోనే."

"నా గుండిగను కుచ్చుతో తోమారా!" ముప్ఫై దెబ్బలకు రాని కోపం ఆయనకు అప్పుడొచ్చింది. "ఏరా, చూస్తూ నిలబడ్డావా? వంగు. వీపు మీద ఎక్కించుకో."

రాగి బజారు మీదుగా, జనమంతా చూస్తుండగా, నేను ఆయన్ని వీపు మీద మోసుకుని బారకులకు తెచ్చాను. దారి పొడుగునా నా నడక బాగాలేదని తిడుతూనే ఉన్నాడు.

వంటింట్లో పటాలమంతా చేరింది. ఉస్తాను గుండిగ పక్కన ఎత్తు పీట మీద కూర్చోబెట్టాను. లోపలికి తొంగి చూసి, వేలితో చిలుము గీకి, వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఒక పూట తోమాలి. నా కాళ్ల సంగతి మీకు తెలిసిందే. ఇంకెవరైనా దిగాలి."

ఎవరూ కదల్లేదు. భయంతో కాదు. అంచు మీద చెయ్యి వేసి పెట్టిన ఒట్టును ఇంకొకడు దాటకూడదు. అది మాలో మొదటి నుంచీ ఉన్న కట్టు. వంటపెద్ద నేల చూపులు చూస్తున్నాడు. దిలావేర్ ఆగా గొంతు సవరించుకున్నాడు.

"నేనే ఒట్టు వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరైనా దిగండి."

"అలా కుదరదు ఆగా," అన్నాడు ఉస్తా, మర్యాదగానే. "మాటతో కట్టింది మాటతో ఊడదు ఇక్కడ. మీ పటాలంలో ఎలాగో నాకు తెలియదు. ఈ గుండిగ సంగతి నాకు తెలుసు. ఒట్టు పెట్టినవాడే తన కాళ్లతో దిగి దాన్ని తెంచాలి."

ముప్ఫై దెబ్బలు తిన్న మనిషి, పది రోజులు కాలేదు, కొట్టించినవాడికే చెబుతున్నాడు దిగమని. దిలావేర్ ఆగా ముక్కాలి పీట మీద కూర్చుని, ఎర్ర తోలు బూట్లు విప్పాడు. కాళ్లు కడుక్కున్నాడు. దిగాడు.

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. ఉస్తా తల తిప్పకుండానే అన్నాడు, "నవ్వినవాడి పేరు చెప్పండి. ఆగా అలిసిపోతే తరవాత వాడే."

"తాడు పట్టుకోండి. మడమ కాదు, మునివేళ్లు. మునివేళ్ల మీద బరువు వేసి తిప్పాలి. ఆఁ, అలా కాదు, ద్రాక్ష తొక్కుతున్నారా? ఒరేయ్ సెఫెరూ, ఇంకాస్త ఇసుక పొయ్యి."

"కాలు కోసుకుపోతోంది ఉస్తా," అన్నాడు దిలావేర్ ఆగా. ఆయన నోట ఉస్తా అనే మాట రావడం మేమంతా విన్నాం.

"కోస్తుంది. మొదటి ఏడాది దిగినప్పుడల్లా నాకూ కోసింది. ఎడమ పక్క వదిలేశారు, వెనక్కి రండి."

మధ్యాహ్నం నమాజు దాటింది. ఇసుకలో ఎరుపు కనిపిస్తే రాగి బయటపడిందనుకున్నాను. రాగి కాదు, ఆగా కాళ్లు. ఉస్తా కూడా చూశాడు. చాలనలేదు. ఇంకో గడియ తిప్పించాడు. పగ తీర్చుకుంటున్నాడని నేను అనుకున్నాను, ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. చివరికి ఆయన అంచు మీంచి సగం లోపలికి వంగి అడుగంతా తడిమి, "ఇప్పుడు పట్టుకుంటుంది. రండి పైకి" అన్నప్పుడు రాగి అప్పుడే పుట్టినట్టు ఉంది. పనిలో ఆయనకు పగ పట్టేంత తీరిక ఎప్పుడూ లేదు.

రక్తం, ఇసుక అన్నీ పోయేదాకా ఏడుసార్లు కడిగి తోడాం. మంట పెట్టాం. నేను నడుం పట్టుకుని నిలబెడితే ఉస్తా తగరం వేశాడు. సాయంత్రానికి లోపల తెల్లగా, పాలు పోసినట్టు మెరిసింది.

శుక్రవారం మధ్యాహ్నం పెద్ద ఆగా మనిషి గుర్రం దిగాడు, వెంట ఆయుధాలతో ఇరవైమంది. పటాలం వరసల్లో నిలబడింది. జావ పొగలు కక్కుతోంది. మా ఆచారం ప్రకారం మొదటి గరిటె చోర్బాజీ రుచి చూస్తాడు. ఆ తరవాత ఆయన చెయ్యి ఊపగానే మేమంతా గుండిగ దగ్గరికి పరిగెత్తాలి. ఎంత ఉరుకుగా పరిగెత్తితే పాదుషా మీద అంత విశ్వాసం. కానీ నాలుకలు ఆ చేదును మర్చిపోలేదు. వరసల్లో అనుమానం నాకు తెలుస్తూనే ఉంది. ముందువాడు తటపటాయిస్తే వెనకవాడు కదలడు.

దిలావేర్ ఆగా వచ్చాడు. బూట్లు ఎక్కక కాళ్లకు గుడ్డలు చుట్టుకుని, కుంటుతూ. మొదటి గిన్నె నా చేతిలోంచి తీసుకున్నాడు. రుచి చూడలేదు. వరసలు దాటుకుంటూ వెళ్లి, తగరం నిలిచిందో లేదో చూడ్డానికి ఉండిపోయి గోడవార కూర్చున్న సెరోప్ ఉస్తా ముందు ఆ గిన్నె పెట్టాడు.

"వీడెవడు?" అన్నాడు పెద్ద ఆగా మనిషి.

"మా పటాలం మనిషి," అన్నాడు దిలావేర్ ఆగా.

ఆ గుండిగలో వండింది పటాలం వాళ్లు తప్ప ఇంకెవరూ తినరు. ఇరవయ్యారేళ్లు దాంట్లో నిలబడ్డ మనిషి ఒక్క మెతుకు ఎరగడు. అప్పుడే నాకు గుర్తొచ్చింది, శుక్రవారం. శుక్రవారం అర్మేనియన్లకు ఉపవాసం, మాంసం ముట్టరు. ఆ జావలో గొర్రె మాంసం తప్ప చెప్పుకోదగ్గది ఇంకేం ఉంది? పుట్టిన దగ్గర్నుంచి ఉస్తా ఒక్క శుక్రవారం తప్పలేదు. దిలావేర్ ఆగాకు ఆ సంగతి తెలియదు. ఇప్పుడు ఉస్తా గిన్నె పక్కకు జరిపాడా, తినని మొదటి మనిషిగా ఆయన్నే చూస్తారు, వరసలో ఒక్కడూ కదలడు.

ఉస్తా గిన్నె వంక చూశాడు. వాచిన తన కాళ్ల వంక చూశాడు, గుడ్డలు చుట్టిన ఆగా కాళ్ల వంక చూశాడు. ముఖాన శిలువ గుర్తు వేసుకున్నాడు. నా టోపీలోంచి చెంచా లాక్కున్నాడు.

తిన్నాడు. ఆగకుండా, మాంసం ముక్కతో సహా, గిన్నె అడుగు గీకి మరీ తిన్నాడు. దిలావేర్ ఆగా చెయ్యి ఊపాడు. ఐదువందలమంది ఒక్కసారి పరిగెత్తితే నేల అదిరింది. పెద్ద ఆగా మనిషి గుర్రం బెదిరి వెనక్కి తగ్గింది.

ఆ తొక్కిసలాటలో ఉస్తా నా వైపు ఖాళీ గిన్నె చాపాడు.

"పాపం ఎలాగూ అయిపోయింది. ఇంకో గరిటె పొయ్యరా."

కర్ర పట్టుకున్న ఆ చేత్తోనే పోశాను. వెనకనుంచి ఎవడో తగిలి సగం నేల మీద పడింది. ఆయన మిగిలినది చివరి బొట్టు దాకా తాగాడు.