నాగమ్మ పీపాలో తోడు

2018, తమిళుల ఐప్పసి నెల వానలు మొదలైన వారం, తమిళనాడులోని కోవిల్‌పట్టి. ఉన్నవారు: తాటిబెల్లంతో వెనిగర్ చేసే నాగమ్మ, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె మరిది సీను, విరుదునగర్ ల్యాబ్ నుంచి వెళ్లిన నేను. బస్సు దిగేసరికే నడుము పట్టేసిందని కూడా నా డైరీలో ఉంది.

బెల్లం నీళ్లలో ఈస్ట్ వేస్తే తీపి ముందు సారా అవుతుంది, ఆ తరువాతే వెనిగర్‌గా పులుస్తుంది. నాగమ్మ పీపాల్లో ఆ మొదటి పనే జరగడం లేదు. ప్యాకెట్‌లో కొన్న కొత్త ఈస్ట్ ఎంత వేసినా చచ్చిపోతోంది. ఆమె దగ్గర వెనిగర్ కొనే ఊరగాయల కంపెనీవాళ్లు ఇంకొక్క విడత చూసి మానేస్తామన్నారు. ప్యాకెట్ నకిలీదని సీను గట్టిగా నమ్మాడు.

ముందు వారం పీపా నుంచి ల్యాబ్‌కు తీసుకెళ్లిన నమూనాతో చేసిన పెట్రీ డిష్‌ను, అంటే చిన్న గాజు పళ్లేన్ని, బల్ల మీద పెట్టాను. మిథిలీన్ బ్లూ రంగు కలిపిన జెల్లీ మీద ప్యాకెట్ ఈస్ట్ పరిచి, పీపాలోని పాత పులుపు నుంచి వేరుచేసిన ఈస్ట్‌తో మధ్యలో గీత గీశాను. గీత పక్కన ఏమీ పెరగలేదు. ఆ ఖాళీ అంచున నీలి చార. చచ్చిన కణాలకే ఆ రంగు పడుతుంది.

"ఇదేందన్నా, ఇంకు ఒలికిందా?" అన్నాడు సీను.

"ఇంకు కాదు. మీ పాత పులుపులో కిల్లర్ ఈస్ట్ ఉంది. అది టాక్సిన్ వదుల్తుంది. ఆ విషం పక్క ఈస్ట్ గోడకు అతుక్కొని లోపలి పొరకు బొక్కలు పెడుతుంది. లోపలున్నది కారిపోయి ఆ కణం చస్తుంది. వదిలినదానికి మాత్రం ఏమీ కాదు. పులుపులో ఆ విషానికి ఇంకా బలం."

"అయితే సారా పని అదే సేయచ్చు గదా?"

"చంపడం వచ్చు. ఆ పని సరిగ్గా రాదు."

"మా మేనేజరు మాదిరే."

నాగమ్మ నవ్వలేదు. పాత పీపాలోంచి చెంబుడు తీసి కొత్తదానిలో తోడు వేయడం ఆ ఇంటి ఆచారం. పీపాను ఎప్పుడూ పూర్తిగా ఖాళీచేసి కడగరు.

"ఆ తోడు మా అత్త చేత్తో ఇచ్చింది. దాన్నా నువ్వు విషమనేది?"

"ఆమె ఇచ్చినప్పుడు మంచిదేనమ్మా. నడుమ ఎప్పుడో ఇది చేరింది. పైన తెల్ల పొర కట్టింది చూడు."

"ఆ పొర కట్టిననాడు పోయిన అత్తే మళ్లీ వచ్చిందనుకొంటినన్నా."

మరిగే నీళ్లతో పీపాలు కడగమని, తోడంతా పారబోయమని చెప్పాను. ఆ తరువాత ఉద్యోగం మానేదాకా, ఏదైనా పారబోయమనే ముందు అది ఎవరిచ్చారో అడిగేవాణ్ని.

సాయంత్రానికి పీపాలు కడిగి, ఒకదానిలో తోడు లేకుండా బెల్లం నీళ్లు పోసి ప్యాకెట్ ఈస్ట్ వేశారు. వానకు బస్సులు లేక ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. మర్నాడు పొద్దున నాగమ్మ ఆ పీపాకు చెవి ఆనించింది.

"బుడబుడమంటా ఉంది. కంపెనీకి సెప్పు, సీనూ."

అలవాటు కొద్దీ తోడు చెంబు చేతిలోకి తీసుకుంది. దాన్ని కడిగి, తాగే నీళ్ల బిందె మీద బోర్లించింది.