విస్తరి ఎత్తే చేయి

మా దుమ్ముగూడెం వైపు బంతి భోజనాల్లో తిన్నవాళ్లు తమ విస్తరి తాము ఎత్తకూడదు. మా చుట్టాలింట్లో ఏ పెళ్లయినా ఆ పని అమ్మదే. ఎవరు లేచారో, ఎవరింకా తింటున్నారో చూసుకుంటూ అడ్డాకు విస్తళ్లు ఎత్తి, తర్వాతి బంతికి చోటు చేసేది. ఒకసారి నేనూ సాయం చేస్తానని దూరి, ఫోనొచ్చి పక్కకెళ్లిన పెదనాయన విస్తరి ఎత్తేశాను. ఆయన తిరిగొచ్చి, "ఏంది బిడ్డా, నేనింక పెరుగన్నం తిననే లేదు, నన్ను ఎళ్లగొడుతున్నవా?" అంటే బంతంతా ఒకటే నవ్వు.

ఖమ్మంలో నా ఉద్యోగంలో నిరుటి దాకా రోజూ అదే భయం. మేం రాసిన ప్రోగ్రాం ఒక కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాల గదుల చల్లదనాన్ని కనిపెట్టుకుని ఉంటుంది. పాత కంప్యూటర్ భాషలో రాసినప్పుడు, వాడేసిన మెమరీని మేమే గుర్తుపెట్టుకుని ఖాళీ చెయ్యాలి. మరిచిపోతే మెమరీ నిండి ప్రోగ్రాం ఆగిపోయేది. తొందరపడితే ఇంకా వాడుకలో ఉన్నదే పోయి కుప్పకూలేది. ప్రోగ్రాం ఆగిందని ఫోనొస్తే, అన్నం ముందు నుంచి ఎన్నిసార్లు లేచి పరిగెత్తానో!

నిరుడు కొత్త భాషలో తిరగరాశాం. ఇందులో ఎవరికీ అక్కర్లేని మెమరీని అదే చూసి ఎత్తేస్తుంది. అప్పుడప్పుడు ఒక్క క్షణం ఆగి సర్దుకుంటుంది, సర్దుకోనీ. దాన్ని గార్బేజ్ కలెక్టర్, అంటే చెత్త ఎత్తేది అంటారని చెబితే అమ్మ ముఖం మాడ్చుకుంది.

"గింత సదివి చెత్త ఎత్తే పనా?"

"నేను కాదమ్మా, అదే ఎత్తుతది."

"అట్లనా. నా లెక్కనే అన్నమాట."

ఈ ఎండాకాలం అమ్మ జారిపడితే తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది. భద్రాచలం దవాఖానాలో పక్కనుండటానికి నేనొక్కదాన్నే. అవతల కోల్డ్ స్టోరేజీ గదుల నిండా మిరప. "ఫోనొస్తే పోతవా బిడ్డా?" అని అడిగింది అమ్మ. పోనన్నాను గానీ, లోపల బిక్కుబిక్కుమంటూనే ఉంది. ఉన్నన్నాళ్లూ ఆ ఫోన్ రాలేదు. ఆ చెత్త ఎత్తే ప్రోగ్రాంను కనిపెట్టిన మహానుభావులెవరో గానీ, వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాను. నవ్వకండి, నిజంగానే పెట్టాను.

ఆపరేషనయ్యాక మొదటిసారి అన్నం తింటూ అమ్మ చెయ్యి ఆపింది. అయిపోయిందనుకుని కంచం ఎత్తబోయాను.

"ఆగు బిడ్డా, ఇంక తింటున్న. మీ పెదనాయన విస్తరి యాదికి లేదా?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అందరి విస్తళ్లూ ఎత్తాక చివర్న ఏదో తిన్నాననిపించే అమ్మ తీరిగ్గా తినడం నేను చూసింది అదే మొదలు. చెయ్యి వెనక్కి తీసుకుని, ఆమె తినేదాకా కూర్చున్నాను.