చుక్క జూలు, గుంజకు చుట్టిన గోనె

కంభం స్టేషను నుంచి ఊళ్లోకి జట్కా తోలిన ఆడమనిషి గురమ్మ ఒక్కతే. అంతకుముందు ఆ జట్కా ఆమె భర్త ఆదెయ్య తోలేవాడు. కర్నూలు జిల్లాలో ఉండిన కంభం కొత్త ప్రకాశం జిల్లాలోకి వచ్చి ఎన్నాళ్లో కాలేదు అప్పటికి.

ఆదెయ్య గుర్రం పేరు చుక్క. ఎర్రటి ఆడగుర్రం. మెడ మీంచి భుజం దాకా జారే దాని జూలు చూసి పెళ్లివాళ్లు ఏరికోరి అతని బండే మాట్లాడుకునేవారు. అతను రోజూ ఆ జూలును చిక్కుతీసి, ఆముదం రాసి, దువ్వేవాడు.

ఆ ఏడు వానలకు చెరువు వైపు నుంచి నుసుములు, కుట్టే సన్నటి పురుగులు, రేగాయి. సాయంత్రమైతే చుక్క మెడ నిండా అవే. దురద ఆగక అది కొట్టం నడిమి గుంజకు మెడ ఆనించి రుద్దుకునేది. పొద్దున్నే గుంజకు ఎర్రటి వెంట్రుకలు వేలాడేవి. జూలు మధ్యలో అరచేయంత మేర చర్మం బయటపడింది.

బండి కట్టేటప్పుడు మెడకు వేసే తోలుపట్టీ ఒరుసుకుంటోందేమోనని ఆదెయ్య మొదట దాని లోపల గురమ్మ పాత చీర మెత్తగా మడిచి కుట్టించాడు. లాభం లేకపోయింది. చివరికి గడ్డి కూరి, గోనెపట్టాలు చుట్టి, గుంజను నేల దాకా పరుపులా చేశాడు. జూలు తెగడం ఆగింది. చుక్క మాత్రం ఇంకా గట్టిగా, హాయిగా రుద్దుకోసాగింది.

కొట్టం ఊడ్చేది గురమ్మ. కొన్నాళ్లకు చుక్క వీపు మీద పిండిలాంటి పొడి కనిపించసాగింది. దులిపినా మర్నాటికి మళ్లీ ఉండేది. గోనె అంచున తడిమట్టి గీతలు పైకి పాకాయి.

"ఏమయ్యా, ఆ గోనె ఇప్పి చూడు. లోపల చెదలు పట్టినట్టుండాది" అంది.

"ఇప్పితే జూలు పోతాది. ఈ పెళ్లిముహూర్తాలు అయిపోనీ" అన్నాడు ఆదెయ్య.

ఒక మధ్యాహ్నం గురమ్మ గోనె పైఅంచున గుంజను బొటనవేలితో నొక్కింది. వేలు లోపలికి దిగిపోయింది. పైన ఆ గుంజ మోస్తున్న నాపరాళ్ల కప్పు. చుక్కను బయటికి తెచ్చి వాకిట్లో వేపచెట్టుకు కట్టేసింది.

భోజనానికి వచ్చిన ఆదెయ్యకు, బెరడుకు మెడ రుద్దుకుంటున్న గుర్రం కనిపించింది. "చెట్టుకు కట్టినావేందే? జూలంతా పోతాంటే చూస్తా ఉండావా?"

"లోపలికి తోలొద్దయ్యా. గుంజ గుల్లయింది. వేలు పెడితే దిగినాది."

"మా నాయన నిలబెట్టిన గుంజ అది. ఏమీ కాదు."

అతనితో వాదించకుండా గురమ్మ వడ్రంగి పిచ్చయ్య కోసం వెళ్లింది. ఇద్దరూ తిరిగి వస్తుండగా చుక్క ఎదురు పరుగెత్తుకొచ్చింది. తాడు నేలన ఈడుస్తోంది. ఒంటి నిండా దుమ్ము. జూలు చెక్కుచెదరలేదు.

"పిచ్చయ్యన్నా" అంటూ గురమ్మ చుక్క తాడు అందుకుంది. పిచ్చయ్య ముందుకు ఉరికాడు.

గుర్రాన్ని మళ్లీ కొట్టంలో కట్టబోయిన ఆదెయ్యను, కూలిన కప్పురాళ్ల కింద నుంచి ప్రాణాలతోనే తీశారు. "గుర్రానికేమన్నా తగిలినాదా?" అని అడిగాడు. నడుం కింద అతనికి స్పర్శ లేదు. మళ్లీ లేవలేదు.

పొయ్యి వెలగాలంటే బండి కదలాలి. గురమ్మ కత్తెర తెచ్చి, ఇక దాన్ని కాచుకునే పని లేకుండా జూలును మొదలంటా కత్తిరించింది. మంచం మీది ఆదెయ్య గోడ వైపు మొహం తిప్పుకున్నాడు. ఆమె బండి కట్టుకుని స్టేషనుకు పోయింది. మొదటిరోజు బేరం ఒక్కటే, కోమట్ల ఇంటి అనంతలక్ష్మి.

"నీకు తోలడం వచ్చునా గురమ్మా?"

"వచ్చమ్మా. ఎక్కండి, నిదానంగా పోదాం."

చుక్క ముసలిదయ్యేదాకా ఆమే తోలింది. సాయంత్రాలు వేపాకు పొగ వేసేది. అయినా దురద పూర్తిగా పోలేదు. ఒక్కోసారి చుక్క కట్టుతాడు సాగినంత మేర వచ్చి ఇంటిగోడకు మెడ ఆనించేది. గోడకు అవతల పడుకున్న ఆదెయ్యకు ఆ రాపిడి వినిపించేది. "గురమ్మా! గోడ, గురమ్మా!" అని, ఆమె వచ్చి గుర్రాన్ని అవతలికి లాగేదాకా అరుస్తూనే ఉండేవాడు.