ఊదు పొగ పట్టిన గుర్రప్పిల్ల

మొన్న మా మనవరాలు సునీత కాన్పయి ఇంటికి వచ్చింది. పసిదానికి నీళ్లు పోసి, తుడిచి, పొత్తిగుడ్డల్లో చుట్టి, మట్టి మూకుట్లో నిప్పులేసి ఇంత ఊదు చల్లానో లేదో, ఇల్లంతా కమ్మని పొగ కమ్ముకుంది. ఆ పొగ ముక్కుకు తగిలితే ఎవరికైనా పసిపిల్లలు గుర్తుకు రావాలి. నాకు మాత్రం గుర్రప్పిల్ల గుర్తుకొస్తుంది. ఈ మాట అంటే సునీత కిసుక్కున నవ్వుతుంది. నవ్వనీ, దానికేం తెలుసు మా బాపమ్మ సంగతి.

మాది చొప్పదండి దగ్గర ఒక పల్లె. సాలోళ్ల వాడలో ఏ ఇంటి ముందు నిలబడ్డా గుంత మగ్గం టకటకలూ, ఉడికే గంజి వాసనా, వాకిట్లో సాగదీసిన పడుగు నూలు కింద నుంచి మేం పిల్లలం దూరుతుంటే పెద్దవాళ్ల కేకలూ. మేం నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. బాపు తల్లి మా బాపమ్మ. చెంపలో తంబాకు పెట్టుకుని పొద్దంతా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది, చుట్టినంతసేపూ వాడలో అందరి మంచీ చెడూ తేల్చేది. బాపు నేసిన చీరలు మూటగట్టి నెత్తిన పెట్టుకుని అంగడి అంగడికీ తిరిగేవాడు. పోలీస్ యాక్షన్ అయిపోయి దారుల్లో భయం తగ్గిన రోజుల్లో, కరీంనగర్లో ఒక టాంగా ఆయన, బండి లాగడానికి బలం చాలదని ఒక ఆడ గుర్రాన్ని అమ్ముతుంటే బాపు తోలుకొచ్చాడు. తెల్లనిది, పేరు చాందీ. "సాలోళ్ల ఇంటికి గుర్రమొచ్చిందట, మగ్గం గిట్ట నేస్తదా?" అని ఊరంతా ఒకటే నవ్వులు.

బాపమ్మ ఆ నవ్వులను చెవిన పెట్టలేదు. ఆమెకు ఆడపిల్లలు లేరు, చాందీని బిడ్డా అనే పిలిచేది. అది చూలుతో ఉందని తెలిసిన నాటి నుంచి ఆ మురిపెం మరీ ఎక్కువైంది. బాపును దాని మీద ఎక్కనిచ్చేది కాదు, ఉలవలు ఉడికించి తానే తినిపించేది. "తొలి కాన్పు పుట్టింట్లనే గావాలె. దానికి గిదే పుట్టిల్లు" అనేది. మా అవ్వ మూతి తిప్పుకుని, "నేను కడుపుతోని ఉన్నప్పుడు గీ ఉలవలు ఏడ పోయినయో" అని గొణిగేది.

బతుకమ్మ రోజులవి. చేలగట్లన్నీ తంగేడు పూలతో పచ్చపచ్చగా ఉండేవి, ఏ ఇంటి ముందు నుంచి పోయినా సత్తుపిండికి మక్కలు వేయించే వాసన, మలీద ముద్దల్లో కరిగే బెల్లం వాసన. ముసురు పట్టిన ఒక తెల్లవారుజామున చాందీ ఈనింది. బర్రె ఈనితే దూడను తల్లి ముందు పెట్టి ఊరుకోవాలని బాపమ్మకు తెలియదా అంటే బాగా తెలుసు. కానీ చాందీ ఆమె దృష్టిలో పశువు కాదు కదా, బిడ్డ. తల్లి ఇంకా తల తిప్పి చూడనైనా లేదు, చలికి వణుకుతున్న ఆ పిల్లను కొట్టంలోంచి ఎత్తించి పొయ్యి దగ్గరికి తెప్పించింది. శనగపిండీ పసుపూ రుద్ది వేడినీళ్లతో కడిగింది, కొత్త తువ్వాలతో తుడిచింది, నా చేత మూకుడు పట్టించి ఒళ్లంతా ఊదు పొగ పట్టింది. ఆ మట్టిరంగు పిల్ల పొడుగాటి కాళ్ల మీద తూలుతూ తుమ్మింది. మేమంతా మురిసిపోయాం.

మురిపెం తీరకముందే కష్టం మొదలైంది. పిల్లను తీసుకుపోయి తల్లి దగ్గర నిలబెడితే చాందీ ఒక్కసారి వాసన చూసి, ముక్కుతో బుస్సుమని, చెవులు వెనక్కి వాల్చి కాలు ఝాడించింది. మళ్లీ పెడితే మళ్లీ అదే. బాపు దాని ముందరి కాలు ఎత్తి పట్టుకుని, అవ్వ పాలు పిండబోతే చెంబు అడుగు కూడా సరిగా తడవలేదు. బాపమ్మ కండెలు చుట్టడానికి పెట్టుకున్న చిలప నూలు నుంచి ఇన్ని పోగులు తెంపి ముడేసి, ఆ కాసిన్ని పాలలో ముంచి పిల్ల నోట్లో పెట్టింది. తర్వాత పక్కింటి మేక పాలు తెచ్చాం. నూలు ముడి చీకి చీకి ఆ పిల్ల అలిసిపోయేది గానీ దాని డొక్కలు నిండేవి కావు. పువ్వులకు పోదాం రమ్మని నా జతగత్తెలు పిలిచినా నేను కదల్లేదు, దాని తల నా ఒళ్లోనే ఉంది. పండుగ ముందు మంచి బేరాల అంగడి, దానికీ బాపు పోలేదు. "తల్లి పాలు పడకుంటె గిది దక్కదే అవ్వా" అన్నాడు బాపమ్మతో. ఆమె ఆ పూట అన్నం ముట్టలేదు, తంబాకూ వేసుకోలేదు.

మర్నాడు పొద్దున పిల్ల లేవడానికే ఇష్టపడలేదు. ఆకలికి సన్నగా అరిచింది. కొట్టంలోంచి చాందీ వెంటనే బదులు పలికింది. బాపమ్మ రాట్నం ఆపింది. పిల్ల మళ్లీ అరిచింది, చాందీ మళ్లీ పలికింది. దగ్గరికి తీసుకుపోతే మాత్రం వాసన చూసి కాలెత్తింది.

"పిలిస్తె పలుకుతుంది, దగ్గరికొస్తె తంతుంది" అంది బాపమ్మ, మెల్లగా. "గొంతు ఎరుకనే. వాసననే ఎరుక లేదు. గా వాసన నేనే కడిగిన. నా చేతులతోని నేనే దాని నోటికాడి పాలు తీసిన."

కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది. "కడిగింది మల్ల తేలేం గని, తల్లిని గూడ గట్లనే చేస్తె?" అంటూ పసుపు కలిపి చాందీ ముక్కుకూ రొమ్ముకూ పూసింది. మూకుట్లో ఊదు వేసి, కొట్టంలో తల్లినీ పిల్లనూ పక్కపక్కన నిలబెట్టి ఇద్దరికీ ఒకే పొగ పట్టించింది. పొగకు మేమందరం దగ్గుతూనే ఉన్నాం. తల్లి పాలే ఇంత పిండి పిల్ల వీపు మీద రాసి, పైన ఉప్పు చల్లింది. బాపు చాందీ ముందరి కాలు ఎత్తి పట్టుకున్నాడు.

చాందీ పిల్ల వీపు వాసన చూసింది. బుస్సుమనలేదు. ఇంకోసారి చూసి, నాలుక చాపి ఉప్పు నాకింది. నాకుతూ నాకుతూ మెడ దాకా, చెవుల దాకా పోయింది. పిల్ల తడుముకుంటూ పొదుగు కిందికి దూరితే నాకు భయం వేసి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి దాని పొట్టి తోక ఆడుతోంది. బాపు కాలు వదిలేశాడు. చాందీ తన్నలేదు. బాపమ్మ అక్కడే గోడకు ఆనుకుని కూలబడి, "నా బిడ్డ తల్లయింది" అని ఏడ్చింది. అవ్వ మలీద ముద్ద తెచ్చి సగం చాందీకి, సగం తన అత్త నోట్లో పెట్టింది. సద్దుల బతుకమ్మ నాడు వాడ ఆడవాళ్లంతా బతుకమ్మలు ఎత్తుకుని పోతుంటే చాందీ వెంట ఆ పిల్ల గంతులేస్తూ వచ్చింది. నవ్విన వాళ్లే చాందీకి మలీద ముద్దలు పెట్టారు.

ఆ పిల్ల పెద్దదై బాపు చీరల మూటలు ఎన్నో అంగళ్లకు మోసింది. తర్వాత మా ఊరికి బస్సు వచ్చింది, మూట బస్సు మీదికి ఎక్కింది. మగ్గాల గుంతలు పూడ్చి పైన బండలు పరిచారు. కొట్టం ఉన్నచోట ఇప్పుడు మోటార్ సైకిళ్లు పెట్టుకుంటున్నారు. గుర్రం అంటే ఇప్పటి పిల్లలకు పెళ్లి బారాతులో కిరాయికి వచ్చేదే. తంగేడు పూలు కూడా అంగట్లో కొనుక్కుంటున్నాం.

పాపకు పొగ పట్టడం అయ్యాక మూకుడు సునీత వైపు జరిపాను.

"నాకెందుకే అమ్మమ్మా, పాపకు పట్టినవ్ గద?"

"నీకు గూడ పట్టాలె బిడ్డా. ఇద్దరిదీ ఒక్క వాసన గావాలె."

నవ్వుతూనే జుట్టు విప్పుకుని పొగ మీదికి వంగింది. తర్వాత పాపను ఒళ్లోకి తీసుకుంటే, అది ఆమె మెడ దగ్గర ముక్కుతో కాసేపు వెతుక్కుని పాలకు దిగింది.