పాటలు పోయిన పూట

విలేకరిగా రిటైరయ్యాక భద్రాచలంలో ఒక డీటీపీ షాపుకు వెళ్లాను. పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ కోసం యజమాని శ్రీను కొత్త కంప్యూటర్ లోపల వర్చువల్ మెషిన్ పెట్టుకున్నాడు. అంటే, కొత్త దానిలో నడిచే పాత కంప్యూటర్. సాయంత్రం దాన్ని ఆపకుండా ఉన్నదున్నట్టు నిద్రపుచ్చేవాడు. మర్నాడు వదిలిన చోటే తెరుచుకునేది కనుక అక్కడ ఎవరూ సేవ్ చేసేవారు కాదు.

నేను వెళ్లిన రోజు అది తెరుచుకోలేదు. ఎన్నిసార్లు నొక్కినా ఒకటే ఎర్రర్. పక్కన కోయ టీచర్ ముత్తయ్య నిలబడి ఉన్నాడు. తల్లిని ఆ షాపులోనే కూర్చోబెట్టుకుని, ఆమె పాడుతుంటే విత్తనాల పండుగ పాటలు అందులో టైపు చేసుకున్నాడాయన.

"నిద్రలున్నదంతా తీసేస్తే మెషిన్ లేస్తది. నీ పాటలు మాత్రం పోతయ్," అన్నాడు శ్రీను.

"ఖమ్మంలో తెలిసినవాళ్లకు చూపిద్దాం," అన్నాను.

"అందాక షాపు బంద్ పెట్టమంటరా సార్? పెళ్లికార్డుల గిరాకీ ఉన్నది. పాటలే గద ముత్తయ్య సారూ, అమ్మతోని మళ్ల పాడించుకో."

"అమ్మ పోయిన వారమే చనిపోయింది శ్రీనూ."

శ్రీను మౌస్ ఆయన ముందుకు జరిపాడు. "గట్లయితే నీ చేత్తోనే నొక్కు. రేపు నన్ను అనొద్దు."

"జల్దీ కానియ్ సారూ, లగ్గం మీదికొచ్చింది," అన్నారు కార్డులవాళ్లు వెనకనుంచి.

ముత్తయ్య నొక్కాడు. మెషిన్ తెరుచుకుంది, ఖాళీగా.

"సూసినవా, నిమిషం గూడ పట్టలే!" అని నవ్వాడు శ్రీను.

వార్తల పనిలో చాలా దారుణాలు చూశాను. నష్టపోయేవాడి చేతనే ఆ నష్టం చేయించిన మనిషిని మాత్రం అక్కడే చూశాను.